ఎర్ర జామకాయ... రెండోసారి

ఈ ఏడు కోత పండగకి వేలం వెయ్యనని ఐజాకు చెప్పేశాడన్న మాట పేటంతా పాకడానికి అట్టే సేపు పట్టలేదు.

"గొంతు పోయిందండి అయ్యగారూ," అన్నాడు పాస్టరు శాంతికుమార్ గారితో, గుమ్మంలోనే నిలబడి. ఎంత ఖణేల్మని అన్నాడంటే పక్కింటి కోడి ఉలిక్కిపడి గోడ దూకింది.

"బానే ఉన్నట్టుందే గొంతు?"

"మాట్టాడ్డానికి బానే ఉందండి. వేలానికే లేదండి."

పాస్టరు గారు కాసేపు చూసి, చిన్న ప్రార్థన చేసి వెళ్ళిపోయారు. పేట మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. సంఘ పెద్దల్లో పేరు వెయ్యలేదని అలిగాడని కొందరన్నారు. వేరే సంఘంలో కలవబోతున్నాడని కొందరన్నారు. ముందు వరసలో కూర్చునే మనిషి ఏడాదిగా తలుపు పక్కన, చెప్పుల దగ్గర కూర్చుంటున్నాడాయె. ప్రసంగం మధ్యలో లేచిపోతున్నాడాయె. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? ఎందుకు వెనక కూర్చున్నావయ్యా అని అడగడానికి పేటలో ఒక్క నోరు పెగలదు గాని, ఎందుకు కూర్చున్నాడో తేల్చడానికి ఉన్న నోళ్ళన్నీ తెరుచుకుంటాయి.

అసలు సంగతి ఇంతే. ఐజాకుకి ఒంటేలు ఆగడం లేదు.

ఆగదు, అలాగని సరిగ్గా రాదు. ఉన్నపళంగా పరిగెత్తాలి, పరిగెత్తి అక్కడ చేతులు కట్టుకుని ఎదురుచూడాలి. వచ్చిందంటే నాలుగు చుక్కలు. పంచె సర్దుకుని ఇవతలికి వచ్చేసరికి మళ్ళీ పిలుపు. డెబ్భైకి దగ్గరపడుతున్న మనిషి ఈ మాట ఎవరితో చెప్పుకుంటాడు?

ఐజాకు బతుకంతా చేలల్లోనే గడిచింది. ఊడ్పులకి వంగి, కోతలకి వంగి, మోపులు మోసి మోసి మెడ మీద కాయ కాసినవాడు. వరి మోపు కట్టడంలో వాళ్ళ నాన్న నేర్పిన ముడి ఒకటుంది. గడ్డితాడు మెలిపెట్టి కొసని లోపలికి దోపితే, కాలవలో పడినా ఊడదు, ఇంటికి తెచ్చి ఒక్క వేలితో లాగితే జారిపోతుంది. ఆ ముడి చూసి "ఇది ఐజాకు మోపు" అనేవారు. తర్వాత చేలు చెరువులయ్యాయి. మొగల్తూరు వైపు నిలబడి చూస్తే ఇప్పుడు కనుచూపు మేర పచ్చదనం లేదు. అంతా నీళ్ళు, నీళ్ళలో తిరిగే చక్రాలు, నీళ్ళ కింద రొయ్యలు. కొడవలి చూరులో దోపేసి ఐజాకు చెరువు కాపలాకి కుదురుకున్నాడు. కోతలే లేని ఊళ్ళో కోత పండగ మాత్రం మిగిలింది. గుడి గుమ్మానికి కట్టే వరికంకులు కూడా పొరుగూరి నుంచి తెప్పించుకుంటారు.

ఆ పండగనాడు ఆరాధన అయ్యాక, జనం తెచ్చిన ప్రథమ ఫలాలని గుడి ముందు పందిట్లో వేలం వేస్తారు. గుమ్మడికాయలు, అరటి గెలలు, కోళ్ళు, ఇప్పుడైతే గిన్నెడు రొయ్యలు. ఐజాకు కుర్రాడిగా ఉన్నప్పుడు వేలం వేసే మేష్టారికి జ్వరమొచ్చి, పొలంలో గొంతెత్తి కేకలేసే వీణ్ణి నిలబెట్టారు. మొదటి వస్తువు ఒక కోడిపెట్ట. "ఇది ఆదివారం తప్ప గుడ్డు పెట్టదండి, అంత భక్తి!" అన్నాడు. చుట్టపుచూపుగా వచ్చిన ఒక పిల్ల ఆ మాటకి నవ్వి నవ్వి పందిరి గుంజ పట్టుకుంది. ఆ పిల్లే ప్రసన్నకుమారి. పెళ్ళయి మనవలు పుట్టినా, ఏటా ఆ బల్ల దగ్గర నిలబడ్డప్పుడు ఐజాకు వెతుక్కునేది ఆ నవ్వునే. మిగతా ఏడాదంతా కూలివాడు. ఆ ఒక్క పూట మాత్రం ఊరు ఊరంతా ఆయన నోటి వంక చూస్తూ కూర్చునేది.

ఆ పూట నిరుడు చెడిపోయింది. అంగన్‌వాడీలో ఆయాగా చేసి దిగిపోయిన సంపూర్ణమ్మ ఒక బూడిదగుమ్మడికాయ మీద మనసుపడి పాట పెంచుతోంది. అప్పుడొచ్చింది ఐజాకుకి. మోకాళ్ళు దగ్గరికి నొక్కుకున్నాడు. నుదురు చెమట పట్టింది. "ఒకటోసారి... మూడోసారి!" అని కాయని ఎవరి చేతిలోనో పెట్టేసి, గుడి వెనక్కి పరుగెత్తాడు.

వేలంలో రెండోసారి అంటే మామూలు మాట కాదు. ఆశపడ్డవాడికి ఇచ్చే ఊపిరి అది. దాన్ని మింగేసిన మనిషిని సంపూర్ణమ్మ ఏడాదిగా దులుపుతూనే ఉంది. "నా రెండోసారి తినేశాడమ్మా ఐజాకు!" అని కుళాయి దగ్గర, బస్సులో, ఆఖరికి ఒక చావింట్లో కూడా చెప్పింది. ఐజాకు నవ్వేసి ఊరుకునేవాడు. ఇంకోసారి అలా జరిగితే ఈసారి పరుగు కూడా అందకపోవచ్చు. ఊరంతా చూస్తుండగా పంచె తడిస్తే, ఇన్నేళ్ళ నోటి పేరు పోయి ఆ తడి ఒక్కటే మిగులుతుంది. అందుకే గొంతు పోయిందన్నాడు.

చెరువు గట్టు మీద ఆ బాధ లేదు. అక్కడ అడిగేవాడు లేడు, చూసేవాడు లేడు. అక్కడే ఒక మధ్యాహ్నం, కూతురు రూబీ కొనిచ్చిన ఫోన్లో ఆ వీడియో ఆయన కంట పడింది. తెల్లకోటు వేసుకున్న మనిషి, డాక్టరో లేక కోటు మాత్రమే కొనుక్కున్నవాడో, వయసు మళ్ళిన మగవాళ్ళకి ఒంటేలు ఎందుకు ఆగదో చెబుతున్నాడు. ఐజాకు ఫోను చెవికి నొక్కుకున్నాడు. పక్కన చెరువులో చక్రాల మోత. ఆ మోతలో ఆ మనిషి "ప్రోస్టేట్" అన్నది ఐజాకుకి "ప్రొటెస్టెంట్" అని వినబడింది.

పాపం, ఆయన తప్పేముంది? ఆ పేటలో పుట్టినవాడికి చిన్నప్పటి నుంచీ తెలిసిన మాట అదే. వీధి ఈ చివర లూథరన్ గుడి, అంటే ప్రొటెస్టెంట్లు. ఆ చివర ఆర్సీఎం గుడి, అంటే కేథలిక్కులు. వీడియో మళ్ళీ పెట్టి విన్నాడు. ప్రొటెస్టెంట్‌కి మేలు చేసే పళ్ళు, ప్రొటెస్టెంట్ పెరగకుండా ఉండాలంటే తినాల్సినవి. కాసేపు నోరు తెరుచుకుని కూర్చున్నాడు. తర్వాత ఆలోచిస్తే సబబుగానే తోచింది. ఆర్సీఎం వాళ్ళ పూజ ఇట్టే అయిపోతుంది. మన ఆరాధన పొద్దున్న మొదలైతే మధ్యాహ్నం దాకా లాగుతారు. కీర్తన మీద కీర్తన, ప్రార్థన మీద ప్రార్థన, ఆ పైన ప్రకటనలు. మధ్యలో లేస్తే పెద్దలు కళ్ళతోనే కూర్చోబెడతారు. తరాల తరబడి బిగబట్టుకుని కూర్చుంటే రాక ఏమవుతుంది?

అలా అనుకున్నాక చెప్పుకోవడం మరీ కష్టమైంది. జబ్బు ఒకటైతే, దాని పేరులో మతం కూడా ఉందాయె.

ఆ తెల్లకోటు చెప్పిన పళ్ళు గుర్తుపెట్టుకున్నాడు. టమాటాలు, వండినవైతే మరీ మంచివట. దానిమ్మ. ఎర్ర జామ. ఎండాకాలం వస్తే పుచ్చకాయ. ఇంట్లో అడగడానికి టమాటా ఒక్కటే వీలైంది. టమాటా పప్పు, టమాటా చారు, టమాటా పచ్చడి. "ఏవయ్యా, నీకేవైనా నెల తప్పిందా? పూటా ఇదే అడుగుతున్నావు," అంది ప్రసన్న. వినబడనట్టు పళ్ళెంలోకి చూసుకున్నాడు.

ఎర్ర జామ మాత్రం పెరట్లోనే ఉంది. రూబీ కడియం నర్సరీ నుంచి తెచ్చి నాటిన మొక్క. ఈ ఏడే మొదటి కాపు. మొదటి కాపు మొదటి కాయలు గుడికి. అది ప్రసన్న మొక్కు. కాయలకి అప్పుడే చెప్పేసింది కూడా, చెట్టు కింద నిలబడి, పిల్లలకి చెప్పినట్టు: "మీరంతా పండక్కే."

మొదట పండిన కాయని ఐజాకు కోశాడు. చెరువు గట్టు మీద కొరికితే లోపల గులాబీరంగు కండ. "ప్రభువా, ఇది మందు," అన్నాడు పైకి చూసి. రెండోది కోసినప్పుడు పైకి చూడలేదు.

ఉడతల పనే అనుకుంది ప్రసన్న. పాత జాకెట్టు గుడ్డలు చింపి సంచులు కుట్టి, కాయ కాయకీ తొడిగి, దారంతో కట్టింది. అయినా కాయలు పోతూనే ఉన్నాయి. సంచులు మాత్రం ఎక్కడివక్కడే, ఖాళీగా, కట్టిన కట్టు కట్టినట్టే వేలాడుతున్నాయి.

ఒక సాయంత్రం ఐజాకు పని దిగి వచ్చేసరికి ప్రసన్న పెరటి గుమ్మంలో కూర్చుని ఉంది. ఒళ్ళో ఒక ఖాళీ సంచి.

"ఉడత ముడి విప్పిందంటే నమ్ముతాను," అంది. "కాయ తిని, మళ్ళీ సంచి కట్టిందంటే కూడా నమ్ముతాను, బుద్ధిగల ఉడత అనుకుంటాను. కానీ ఏవయ్యా, ఉడతకి మోపు ముడి ఎవరు నేర్పారు?"

ఐజాకు సంచి వంక చూశాడు. దారం కొస లోపలికి దోపి ఉంది. చేతులకి అలవాటైన పని. అవి ఆయన్ని అడక్కుండానే వాళ్ళ నాన్న ముడి వేసేశాయి.

"కాయలు తిన్నందుకు కాదు," అంది ఆవిడ. "దేవుడికి మొక్కింది నేను, నేను సర్దుకుంటాను. ఆకలేస్తే పళ్ళెంలో అడిగేవాడివి. దొంగతనంగా తిన్నావంటే అది ఆకలి కాదు. చెప్పు."

ఆయన అరుగు మీద కూర్చుని, కాళ్ళకంటిన చెరువు బురద గీకుతూ, తలెత్తకుండా చెప్పాడు. ఒంటేలు సంగతి, నిరుటి వేలం సంగతి, వీడియో సంగతి. రోగం పేరు మాత్రం చెప్పలేదు. "ఏదోలే, మనవాళ్ళకి వచ్చేదే," అన్నాడు.

ప్రసన్న ఏమీ ఆశ్చర్యపోలేదు. అదే ఆయనకి ఆశ్చర్యమైంది.

"నీకు తెలుసా?"

"ఈ పెరటి తలుపు తీస్తే వీధి చివరికి వినబడేది. గుర్తుందా?"

గుర్తుంది. కిర్రుమని ప్రాణం తీసేది.

"ఇప్పుడు చప్పుడవుతుందా?"

ఐజాకు వెనక్కి తిరిగి తలుపు వంక చూశాడు. చేత్తో నెట్టాడు. తలుపు పిల్లిలా కదిలింది. బందుల దగ్గర చెక్క నల్లగా, నూనె తాగి మెరుస్తోంది.

"రాత్రుళ్ళు నేను లేస్తానేమోనని నువ్వు దొంగలా అడుగులేస్తుంటే చూళ్ళేక, కొబ్బరినూనె పోశాను," అంది. "తలుపు చప్పుడు లేకపోతే నాకు తెలీలేదనుకుంటావు, ఊరటగా ఉంటావు అనుకున్నా. ఇవాళో రేపో నువ్వే చెప్తావని కూడా అనుకున్నా. చూడగా చూడగా నూనె సీసా ఖాళీ అయింది గాని నీ నోరు తెరుచుకోలేదు."

ఐజాకు తలుపుని అటూ ఇటూ ఆడిస్తూ ఉండిపోయాడు. ఇన్ని నెలలు తనొక్కడే చీకట్లో నడిచాననుకున్నాడు. పక్కమీద కళ్ళు మూసుకుని ఆవిడ ప్రతిసారీ తనతో లేచి, తను తిరిగి వచ్చేదాకా లేచే ఉందన్నమాట.

"పళ్ళతో పోతుందో లేదో నాకు తెలీదు," అంది ప్రసన్న. "ఆస్పత్రిలో అడుగుదాం. కానీ ముందు వేలం వెయ్యి."

"వెయ్యలేనే. మధ్యలో వస్తే?"

"వస్తే వెళ్ళు. వెళ్ళొస్తానని చెప్పి మరీ వెళ్ళు. గుళ్ళో చెప్పకూడని మాటేంటి అది? చెట్టున ఇంకొక్క కాయ మిగిలింది. అదే నా ప్రథమ ఫలం ఇప్పుడు. దాన్ని నువ్వు తప్ప ఇంకెవడన్నా వేలం వేస్తే నేను ఒప్పుకోను."

ఆయన సరేననలేదు. ఆవిడ మళ్ళీ అడగనూ లేదు.

పండగనాడు యూత్ కుర్రాడొకడు మైకు పట్టుకున్నాడు. చదువుకున్నవాడే. రైల్వే స్టేషన్లో బండి ఆలస్యమైందని చెప్పినట్టు చెప్పుకుపోతున్నాడు. అరటి గెల బల్ల మీదికి వచ్చినంత సేపు కూడా పట్టకుండా అమ్ముడైపోయింది. కోడి పాట ఎవరూ పెంచలేదు, కోడి కూడా నిద్రపోయింది. జనం ఫోన్లు తీసుకున్నారు. ఆర్సీఎం వాళ్ళ జీవరాజు, ఐజాకుకి బావ వరస, ఈ వేలం తమాషా కోసమే ఏటా ఈ గుడికొచ్చేవాడు, ఆవలించి, "దీనికన్నా మా గుళ్ళో తిరనాళ్ళ కమిటీ మీటింగు నయం," అన్నాడు.

అప్పుడు ప్రసన్న లేచి, కొంగులోంచి కాయ తీసి బల్ల మీద పెట్టింది. ఒక్కటే కాయ. దాని సంచి కూడా విప్పలేదు, దానికి వేసింది మోపు ముడే. తలుపు పక్కన చెప్పుల దగ్గర కూర్చున్న మొగుడి వంక చూసింది.

ఐజాకు లేచాడు. పంచె బిగించుకున్నాడు. ఆయన బల్ల దాకా నడిచి వస్తుంటే ఫోన్లు జేబుల్లోకి వెళ్ళాయి.

"ఈసారి నా రెండోసారి మింగెయ్యకు ఐజాకూ!" అని అరిచింది సంపూర్ణమ్మ.

ఐజాకు ఒక్క వేలితో దారం లాగాడు. సంచి జారింది. కాయని అరచేతిలో పెట్టి పైకెత్తాడు.

"చూడండి. పైకి పచ్చన, లోపల ఎర్రన. అబద్ధం లేని కాయ. ఈ సంఘంలో పైకి తెల్లగా ఉన్నవాళ్ళం చాలామందిమి ఉన్నాం, లోపల ఏ రంగో కోస్తే గాని తెలీదు. దీని అన్నదమ్ముల్ని ఒక ఉడత తినేసిందండి. ఆ ఉడతకి ఇంకా బుద్ధి రాలేదు. పాడండి!"

గుంజ దగ్గర నవ్వు వినబడింది. ఐజాకు అటు చూడలేదు, చూడక్కర్లేదు. గొంతు ఎక్కడికీ పోలేదు, గుండెల్లో నుంచి తన్నుకొస్తోంది. సంపూర్ణమ్మ పాడింది, జీవరాజు పెంచాడు, పాస్టరు గారి భార్య పెంచింది, మళ్ళీ సంపూర్ణమ్మ. ఒక్క జామకాయ పాట కొబ్బరిచెట్టెక్కి కూర్చుంది.

"సంపూర్ణమ్మ గారి పాట... ఒకటోసారి!"

అప్పుడొచ్చింది.

అదే నొప్పి, అదే చెమట, నిరుటి లాగే మోకాళ్ళు వాటంతటవే దగ్గరికొచ్చాయి. నోట్లో మూడోసారి సిద్ధంగా ఉంది. అనేస్తే అయిపోతుంది. ఐజాకు కళ్ళు మూసుకున్నాడు. తెరిచాడు. కాయని మెల్లగా బల్ల మీద పెట్టాడు.

"రెండోసారి," అన్నాడు. "రెండోసారి అన్నాను, వినండి. మూడోసారి అనలేదు. పాట తెరిచే ఉంది. నేను ఒంటేలుకి వెళ్ళొస్తాను. నాకు ఆగడం లేదండి, ఏడాది పైనయింది. నిరుడు సంపూర్ణమ్మ గారి రెండోసారి పోయింది కూడా ఇందుకే. నేను అలగలేదు, ఎవరిలోనూ కలవలేదు. తలుపు దగ్గర కూర్చున్నది దీనికే."

ఐజాకు చెవులు వేడెక్కాయి.

"ఓరి నీ అసాధ్యం కూలా!" అంది సంపూర్ణమ్మ. "ఆ ముక్క నిరుడే చెబితే గుమ్మడికాయ నాదయ్యేది కదయ్యా! వెళ్ళు, వెళ్ళు, తొందరగా వెళ్ళు!"

పందిరి ఒక్కసారిగా నవ్వింది. ఐజాకు ఆ నవ్వులోంచే పరుగెత్తాడు. వెనక ఎవరో వస్తున్న అడుగులు.

"ఆగు బావా, నేనూ వస్తున్నా!" అని జీవరాజు.

గుడి వెనక సరుగుడు కంచె దగ్గర ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. నిలబడి ఎదురుచూశారు.

"నీక్కూడానా?" అన్నాడు ఐజాకు.

"నీకన్నా సీనియర్ని."

ఐజాకు తల తిప్పి అనుమానంగా చూశాడు. "నీకెలా వచ్చింది? నువ్వు ఆర్సీఎం కదా."

"అయితే?"

"ఇది ప్రొటెస్టెంట్ కదా."

జీవరాజుకి అర్థమవడానికి కాస్త పట్టింది. అర్థమయ్యాక నవ్వాపుకోలేక కంచె పట్టుకున్నాడు. "ప్రొటెస్టెంట్ కాదు బావా, ప్రోస్టేటు! ప్రోస్టేటు గ్రంథి! మగాడన్న ప్రతివాడి ఒంట్లో ఉంటుంది, ఉసిరికాయంత. వయసయ్యేసరికి పెద్దదై ఒంటేలు గొట్టాన్ని నొక్కుద్ది. మన తాపీమేస్త్రి త్రిమూర్తులుకి ఆపరేషను కూడా అయింది. ఆయన ఏ గుడికెళ్తాడు?"

"మరి పళ్ళు?"

"భీమవరంలో డాక్టరు గారిని నేనూ అడిగాను. తినండి, ఒంటికి మంచివే అన్నాడు. టమాటా, దానిమ్మ, జామ, ఇవి దానికి మేలు చేస్తాయేమోనని చూస్తున్నారంట, ఇంకా గట్టిగా తేలలేదంట. మందుకి బదులు మాత్రం కాదన్నాడు. రక్తపరీక్ష చేశాడు, మాత్రలిచ్చాడు. నాకు చెప్పింది నీకు సరిపోద్దని లేదు, అందరిదీ ఒకటి కాదంట. చూపించుకోవాలి. సోమవారం నేను వెళ్తున్నా. వస్తావా?"

"ప్రసన్న కూడా వస్తానంటది."

"రమ్మను. నేను నా ముసల్దాన్ని ఎప్పుడూ తీసుకెళ్ళలేదు. బయట బెంచీ మీద ఒక్కడినే కూర్చుంటా."

సరుగుడు చెట్లలో గాలి. అంత పొద్దూ రానిది, నవ్వినందుకో, దాచుకోవాల్సింది ఏమీ లేనందుకో, మెల్లగా వచ్చింది.

తిరిగి వచ్చేసరికి పందిట్లో ఒక్కరు కదల్లేదు. సంపూర్ణమ్మ జామకాయ మీద అరచెయ్యి కప్పి, పోలీసులా నిలబడి ఉంది. "నువ్వు లేకుండా ఎవరూ పెంచడానికి వీల్లేదన్నాను," అంది. ముందు వరసలో ఎవరో జరిగి చోటు చేశారు. అక్కడ ఐజాకు కండువా మడిచి వేసి ఉంది. ప్రసన్న పని.

ఐజాకు కాయని మళ్ళీ పైకెత్తాడు. "ఎక్కడున్నామండి?"

"రెండోసారి!" అంది సంఘమంతా.

"అయితే రెండోసారి," అన్నాడు. ఆగాడు. సంపూర్ణమ్మ వైపు తిరిగాడు. "ఇది ఇప్పటిది." మళ్ళీ ఊపిరి తీసుకుని, తొందరేమీ లేని మనిషిలా, గుంజ దగ్గరి నవ్వు వినబడేదాకా సాగదీసి అన్నాడు:

"ఇది నిరుటిది. రెం...డో...సా...రి!"